సీఈసీ నుంచి మెడిసిన్‌కు: మధ్యలో ఒక ఇనీషియల్

నిన్న సాయంత్రం మెడిసిన్ సీటు ఖాయమైనట్టు మెయిల్ వచ్చింది. సంతోషం సరే, ఒళ్లుమంట మాత్రం ఇంకా తగ్గలేదు. అది తగ్గేలోపే రాసేద్దామని కూర్చున్నాను.

నాది ఇంటర్‌లో సీఈసీ, డిగ్రీలో బీఏ చరిత్ర. మన దగ్గర అప్పట్లో ఇంటర్‌లో బైపీసీ తీసుకోని పిల్లకు డాక్టరు చదువు ఆ రోజుతోనే సరి. బయాలజీని తర్వాత అదనపు సబ్జెక్టుగా రాసినవాళ్లూ నీట్‌కు అర్హులేనని జాతీయ వైద్య కమిషన్ 2023లో చెప్పింది. నా చదువు నాటికి ఆ వెసులుబాటు లేదు. ఇంగ్లండు వచ్చి స్థిరపడ్డాకే ఇక్కడి దారి తెలిసింది. డిగ్రీ పూర్తిచేసినవాళ్ల కోసం నాలుగేళ్ల మెడిసిన్ కోర్సులున్నాయి. లండన్‌లోని సెయింట్ జార్జెస్ వైద్య కళాశాలలో 2000లోనే మొదలైంది. వార్విక్ యూనివర్సిటీలోనైతే చేరేవాళ్లందరూ డిగ్రీ వాళ్లే, ఏ సబ్జెక్టు చదివినా ఫరవాలేదు. అన్నిచోట్లా అలా కాదు. కొన్ని కళాశాలలు సైన్సు డిగ్రీయే కావాలంటాయి, ముందే చూసుకోండి.

ప్రవేశ పరీక్షల సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. వార్విక్‌కు యూక్యాట్, స్వాన్సీ లాంటి చోట్ల గామ్‌శాట్. గామ్‌శాట్ మూడో భాగంలో 75 సైన్సు ప్రశ్నలు, రెండున్నర గంటలు. నేను కోచింగ్‌కు ఒక్క పౌండు కూడా కట్టలేదు. మా పెద్దనాన్న కూతురు పంపిన తెలుగు అకాడమీ ఇంటర్ కెమిస్ట్రీ పుస్తకాలు ముందేసుకుని, ఆల్కేన్ల దగ్గర నుంచి చదువుకుంటూ వచ్చాను. రెండో భాగంలో 65 నిమిషాల్లో రెండు వ్యాసాలు రాయాలి. అక్కడ నాకొచ్చిన మార్కులు నాతో రాసిన ఇద్దరు బయోటెక్నాలజీ వాళ్లకు రాలేదు. చరిత్ర చదివి ఏం ఉద్ధరిస్తావన్న మేనత్తకు ఆ స్కోరు కాగితం ఫోటో తీసి పంపాను. పంపక ఎలా ఉంటాను?

అనుభవం కోసం వృద్ధాశ్రమంలో రాత్రి డ్యూటీలు చేశాను. అదెలాగూ నా ఉద్యోగమే.

అసలు కథ దరఖాస్తు పంపాక మొదలైంది.

ఇక్కడ మెడిసిన్‌కు అక్టోబరు 15 ఆఖరు తేదీ, నాలుగు కళాశాలలకు మించి పెట్టకూడదు. నేను పెట్టిన నాలుగింటిలో ఒకదాని అడ్మిషన్ల విభాగం నుంచి ఫోను వచ్చింది. నా పదో తరగతి సర్టిఫికెట్‌లో, డిగ్రీ మార్కుల మెమోలో పేరుకు ముందు ‘పి.’ అని ఉంటుంది. పాస్‌పోర్టులో ఆ ‘పి.’ లేదు, దాని స్థానంలో మా ఆయన ఇంటిపేరుంది. ‘‘ఈ పి ఎవరు?’’ అని అడిగింది ఆవిడ. మా పుట్టింటి పేరులో తొలి అక్షరం అని చెప్పాను. ఇంటిపేరైతే చివర ఉండాలిగా, ముందెందుకుందని అడిగింది. మా వైపు ముందే రాస్తామన్నాను. కాసేపు మాట లేదు. ఆ తర్వాత చాలా మర్యాదగా, ‘‘ఈ సర్టిఫికెట్లు మరొకరివి కావని మీరు ఎలా నిరూపిస్తారు?’’ అంది.

రాత్రి డ్యూటీ దిగి బస్‌స్టాపులో నిలబడి ఉన్నాను. చుట్టూ జనం. నా డిగ్రీ నాదేనని ఫోనులో గట్టిగా చెప్పుకోవాల్సి వచ్చింది.

యూనివర్సిటీ నుంచి సవరించిన మెమో తెమ్మన్నారు. మా నాన్నగారు రిటైరైన స్కూలు టీచరు. పాపం, ఆయన జిల్లా కేంద్రంలో ఉన్న మా యూనివర్సిటీ పరీక్షల విభాగానికి బయల్దేరారు. కిటికీ దగ్గర గుమాస్తా తల ఎత్తకుండానే, ‘‘టెన్త్‌లో ఎలా ఉంటే మేమూ అలాగే ఇస్తాం. అక్కడ మార్పించుకుని రండి’’ అన్నాడట. పదో తరగతి బోర్డు వాళ్లేమో స్కూలు రికార్డులో ఉన్నదే తాము వేశామని, అందులో తప్పేముందని అడిగారు. నిజమే, తప్పేమీ లేదు! తప్పు లేని కాగితాన్ని దిద్దించడానికి డెబ్బై ఏళ్ల మనిషి ఎండలో రెండు ఊళ్ల మధ్య తిరిగారు. సూపరింటెండెంట్ సెలవులో ఉన్నారని ఒకసారి, చలానా వేరే బ్యాంకులో కట్టాలని ఒకసారి తిప్పి పంపారు. ఆ గుమాస్తా ఎప్పుడో ఒకప్పుడు నాన్నగారి దగ్గర ఎక్కాలు నేర్చుకునే ఉంటాడని నా అనుమానం. పెద్దవాళ్లను నిలబెట్టి మాట్లాడే అలవాటు ఏ బడిలో నేర్పుతారో గానీ మన ఆఫీసుల్లో బాగా వంటబట్టింది.

చివరికి నాన్నగారు స్టాంపు పేపరు మీద, రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ చేయించి పంపారు. ఇక్కడివాళ్లకు అది చాలలేదు. గులాబీ రంగు ముద్ర చూసి ఇదేమిటన్నారు.

పరిష్కారం మా వీధి చివరనే ఉందని ఎవరూ చెప్పలేదు. 1835 నాటి చట్టం ఒకటి ఇంకా అమల్లో ఉంది. దాని కింద సొలిసిటర్ (ఇక్కడి లాయరు) ఎదుట, రెండు పేర్లూ నావేనని ప్రమాణం చేసి సంతకం పెడితే చెల్లుతుంది. రుసుము 5 పౌండ్లు, జతచేసిన ఒక్కో కాగితానికి 2 పౌండ్లు. మా వీధి చివరి సొలిసిటర్ ముసలాయన మెమో, పాస్‌పోర్టు, పెళ్లి సర్టిఫికెట్ వరసగా పెట్టుకుని, ‘పి’ గురించి ఒక్క ప్రశ్నా అడగకుండా ముద్ర కొట్టాడు. పావుగంట పట్టింది. నాన్నగారికి ఫోను చేస్తే, ‘‘ఆ మాట ముందే చెప్పొచ్చు కదమ్మా వాళ్లు’’ అన్నారు. అదే నా బాధ కూడా.

ఇంటర్వ్యూ చిన్న చిన్న గదుల్లో జరిగింది, ఒక్కో గదిలో ఒక్కో ప్రశ్న. వృద్ధాశ్రమంలో మందు మింగనని మొరాయించే పెద్దాయనతో ఎలా నెట్టుకొచ్చానో చెప్పాను. బాగానే చేశాను.

ఇక డబ్బు. శాశ్వత నివాసం వచ్చి, మూడేళ్లు ఇక్కడే ఉన్నట్టు చూపగలిగితే స్థానికుల ఫీజే. మొదటి ఏడాది మాత్రం 3,465 పౌండ్లు చేతి నుంచి కట్టాలి, మిగతాది విద్యార్థి రుణం. రెండో ఏడాది నుంచి ఎన్‌హెచ్‌ఎస్ (ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య సేవ) ఇచ్చే బర్సరీ, అంటే ఉపకార వేతనం, కొంత భరిస్తుంది. కన్సల్టెన్సీ వాళ్లు ఈ మొదటి వాటా సంగతి చెప్పరు, వాళ్ల వాటా సంగతి మాత్రం మొదటి ఫోనులోనే చెబుతారు. ఊరి నుంచి బయల్దేరేవాళ్లు సీలు వేసిన ట్రాన్‌స్క్రిప్టులు నాలుగైదు సెట్లు తెచ్చుకోండి. పాస్‌పోర్టులో ఇనీషియల్ విప్పి పూర్తి ఇంటిపేరు రాయించుకోండి. పెళ్లయ్యాక మా ఆయన ఇంటిపేరు పెట్టించుకోమన్నది మా అత్తగారు. ఆవిడకు ఈ నెల ఖర్చుల పట్టీ చదివి వినిపించాను. నేను మాత్రం రేపు ఉదయం హెపటైటిస్ బి టీకా రెండో డోసుకు వెళ్లాలి.