త్రోయలో ఉండిపోయిన గొంగళి

బైబిల్లో పౌలు తిమోతికి రాసిన రెండో పత్రిక నాలుగో అధ్యాయం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఏడో వచనం, "మంచి పోరాటము పోరాడితిని". భూస్థాపన కూడికల్లో అది వినని విశ్వాసి మా పర్లాకిమిడిలో ఉండడు. ఇంకో ఆరు వచనాలు దిగితే పదమూడోది వస్తుంది. త్రోయ అనే రేవుపట్టణంలో కర్పు అనే అతని దగ్గర ఉంచి వచ్చిన అంగీని, పుస్తకాలను, ముఖ్యంగా చర్మపు కాగితాలను వచ్చేటప్పుడు తీసుకురమ్మని పౌలు అడుగుతాడు. దాని మీద ప్రసంగం నేను ఇంతవరకూ వినలేదు.

అంగీ అంటే మనకు చొక్కా. ఒక చొక్కా కోసం సముద్రం అవతలికి కబురా అనిపిస్తుంది. గ్రీకులో ఉన్న మాట 'ఫెలోనేస్'. ఆ రోజుల్లో ప్రయాణాల్లో కప్పుకునే దళసరి వస్త్రం అది. చేతులుండవు, నడుమ తల దూర్చుకోవడానికి కంత ఉంటుంది. వానకీ చలికీ అదే, రాత్రి దుప్పటీ అదే. మన కళ్ళకు కట్టేలా చెప్పాలంటే గొంగళి. ముసలాయన రోములో ఖైదులో ఉన్నాడు. శీతకాలం రాకముందే రమ్మని ఇరవై ఒకటో వచనంలో మళ్ళీ అడుగుతాడు. గొంగళి కావాలి, అంతే.

ఈ వచనం నన్ను పట్టుకున్నది మిషన్ యాత్ర నుంచి తిరిగొచ్చాక. ఐదుగురం కలిసి పది నెలల్లో ఆరు దేశాలు తిరిగాం. కువైట్, ఒమన్, కెన్యా, ఉగాండా, రువాండా, టాంజానియా. నేను ల్యాబ్ టెక్నీషియన్ని. వైద్య శిబిరాల్లో రక్తపరీక్షలు నా పని, అవసరమైతే పాటకు తబలా కూడా. గల్ఫులో ఆరాధన శుక్రవారం. కడప నుంచి, గోదావరి జిల్లాల నుంచి ఇళ్ళల్లో పనికి వెళ్ళిన అక్కలు వారమంతా కూడబెట్టుకున్న ఏడుపు ఆ రెండు గంటల్లోనే ఏడ్చేవారు. ఆ సంగతి ఒక్కటే విడిగా రాయాలి.

ఇంటికొచ్చిన రెండో ఆదివారం మందిరంలో సాక్ష్యం చెప్పమన్నారు. ప్రొజెక్టర్ పెట్టి ముప్పావుగంట చెప్పాను. ఎన్ని కూడికలు, ఎన్ని పరీక్షలు, ఎన్ని వందల కళ్ళద్దాలు పంచామో అన్నీ లెక్కలే. అందరూ చప్పట్లు కొట్టారు. కూడిక అయ్యాక మా పెద్దమ్మ వరండాలో నన్ను ఆపింది.

"చలి దేశం అన్నావు కదరా, ఉగాండాలో ఆ కొండలమీద ఊరు. అక్కడ నీకు అన్నం పెట్టిందెవరు?"

"ఒక ఇంట్లో ఉన్నాం పెద్దమ్మా. పంతొమ్మిది రోజులు."

"ఆ యమ్మ పేరేటి?"

నాకు తెలీదు.

కబాలె అని, సముద్రమట్టానికి దాదాపు 2,000 మీటర్ల ఎత్తున కొండల మధ్య ఉన్న పట్టణం. పొలాలన్నీ మెట్లుమెట్లుగా ఉంటాయి, మా గుమ్మ, సెరంగో కొండల్లో సవర గిరిజనులు రాళ్ళు పేర్చి కట్టుకున్న మడుల్లాగే. తెల్లారగట్ల ఆమె కట్టెల పొయ్యి మీద నీళ్ళు కాచి, చెంబుతో కాదు, పసుపురంగు నూనె డబ్బా సగానికి కోసి చేసిన గిన్నెతో గుమ్మం దగ్గర పెట్టేది. జొన్నపిండితో కాచిన బుషేరా అనే జావ ఇచ్చేది. కొంచెం పులుపు. మొదటి గుక్కకే మా ఇంటి అంబలి గుర్తొచ్చి గొంతు పట్టేసింది. పంతొమ్మిది రోజులూ అందరితోపాటు నేనూ "మామా" అనే పిలిచాను. ఆమె నా పేరు మొదటి రోజే కనుక్కుని, మూడు రకాలుగా తప్పు పలికి, నాలుగోసారి సరిగ్గా పలికింది. ఆమె పేరు అడగాలని నాకు తోచనే లేదు.

మా పెద్దమ్మకు ఆ ప్రశ్న అడిగే హక్కుంది. నౌపడ నుంచి చిన్న రైలు నడిచిన రోజుల నుంచీ కొండల మీదికి వెళ్ళే సువార్తికులకూ, నర్సులకూ, బైబిలు అమ్మేవాళ్ళకూ ఆమె ఇల్లే మజిలీ. ఒడియావాళ్ళొస్తే "బొసొంతు" అని పీట వేస్తుంది, సవరలొస్తే వచ్చిన నాలుగు మాటలతోనే పలకరిస్తుంది. ఆమె మంచం కింద ఒక రేకు పెట్టె ఉంది. అందులో వాళ్ళు మర్చిపోయిన వస్తువులుంటాయి: చువ్వ విరిగిన నల్ల గొడుగు, కళ్ళజోడు డబ్బా, ఒకే చేతికి తొడుక్కునే ఉన్ని గ్లవ్వు, అడుగున గడ్డకట్టిన కొబ్బరినూనె సీసా. ప్రతిదానికీ ఒక పేరుంది, ఊరుంది. ఆ గొడుగాయన గునుపూర్ వెళ్తూ వదిలేశాడట. ముప్పై ఏళ్ళ మాట. "వస్తే అడుగుతాడు కదా" అంటుంది.

ఎక్కడ వేసిన గొంగళి అక్కడే అని పని సాగని చోట విసుక్కుంటాం. ఆ పెట్టె చూశాక ఆ సామెత నాకు ఇంకోలా వినబడింది. కర్పు చేసింది ఆ పనే. గ్రంథంలో అతని ప్రస్తావన ఈ ఒక్కచోటే. ప్రసంగం చేసినట్టు లేదు, అద్భుతం లేదు, చెరసాల లేదు. గొంగళి వేసిన చోట ఉంచాడు. అపొస్తలుల కార్యములు 20లో పౌలు త్రోయలో తెల్లవార్లూ మాట్లాడాడు, కిటికీలో కూర్చున్న ఐతుకు నిద్రపోయి మూడో అంతస్తు నుంచి పడ్డాడు. ఆ మేడ ఎవరిదో లేఖనం చెప్పదు. కర్పుది అయ్యుంటుందని నాకో సరదా ఊహ. మర్నాడు అందరూ ఓడ ఎక్కితే పౌలు తర్వాతి రేవు అస్సు దాకా కాలినడకన వెళ్ళాడు. పులియని రొట్టెల పండుగ దాటిన రోజులు, ఎండలు ముదురుతున్నాయి. ఆ సారేనో, మరోసారో, బరువని విప్పి ఎవరి చేతిలోనో పెట్టాడు. ఆ చెయ్యి ఎవరిదో మరణశిక్ష ఎదురుగా ఉన్నప్పుడు కూడా మర్చిపోలేదు. నాకు సిగ్గనిపించేది అక్కడే.

అపొస్తలుల కార్యములు రాసిన లూకా కూడా అంతే. ఓడ పగిలి మెలితే ద్వీపంలో 276 మంది తడిసి ఒడ్డుకు చేరారు. మొదట రాసింది ఏమిటి? వర్షం, చలి, అక్కడివాళ్ళు రాజేసిన నిప్పు. వాళ్ళు చేసిన "ఉపచారము ఇంతంత కాదు" అన్నాడు. నా ప్రొజెక్టర్ లెక్కల్లో ఆ నిప్పు లేదు.

ఈ రోగం నా ఒక్కడిదే కాదేమో. మా ఊళ్ళోనే ఉండి గిడుగు రామమూర్తిగారు తెలుగు వచ్చిన ఒక సవరను ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. 1931లో వచ్చిన ఆయన సవర వ్యాకరణం గురించి చెప్పుకుంటాం. ఎదురుగా కూర్చుని మాట మాట పలికి నేర్పినవాడి పేరు మాత్రం మా ఊళ్ళో ఎవరినోటా వినలేదు.

దార్ ఎస్ సలామ్ వేడిలో ఎందుకులే అని కబాలెలో నా స్వెట్టరు ఆ ఇంటి గోడమేకుకే వదిలి వచ్చాను. బరువు తగ్గిందనుకున్నాను, అంతే. పెద్దమ్మ అడిగిన రాత్రే ఆ ఇంటి పెద్దబ్బాయికి వాట్సాప్‌లో రాశాను: మీ అమ్మగారి పేరు తెలియకుండా వచ్చేశాను, క్షమించు, చెప్పు. రెండ్రోజులకు జవాబు వచ్చింది. ఆమె పేరు ఇప్పుడు నా బైబిలు చివరి తెల్లకాగితం మీద ఉంది. దాని కింద ఇంకో పద్నాలుగు గీతలు ఖాళీగా గీసి పెట్టుకున్నాను, అన్ని ఇళ్ళల్లో తిన్నాను కాబట్టి.

పేరు కింద ఆ అబ్బాయి ఇంకో ముక్క రాశాడు. ఇక్కడ వానలు పట్టుకున్నాయి అన్నా, నీ స్వెట్టరు తమ్ముడు వేసుకుని బడికెళ్తున్నాడు, నువ్వొచ్చేసరికి ఉతికి ఉంచమంటావా అని.