కరెంట్ అఫైర్స్‌కి ఒక చివర ఉండాలి: నా ఫీడ్ రీడర్ అనుభవం

గ్రూప్-4లో జాబ్ వచ్చింది, అయినా గ్రూప్-2 మీద ఆశ వదల్లేదు కాబట్టి ఇప్పుడు ఆఫీసూ చదువూ రెండూ నడుస్తున్నాయి. నల్లగొండలో రూమ్, ఆఫీసేమో మండలంలో. పొద్దున బస్సులో గంటకు పైగా, సాయంత్రం మళ్లీ అంతే. గట్టిగా కూర్చుని చదివేది రాత్రి రెండున్నర గంటలు. బుక్ లిస్టులు, టైమ్‌టేబుళ్లు చాలామంది రాశారు, వాటి జోలికి పోను. కరెంట్ అఫైర్స్‌ను ఎట్లా దారికి తెచ్చుకున్నానో అదొక్కటే చెప్తాను, ఎందుకంటే నన్ను అన్నిటికంటే ఎక్కువ ఏడిపించింది అదే.

2024 డిసెంబర్‌లో గ్రూప్-2 రాసేనాటికి పద్నాలుగు పీడీఎఫ్ గ్రూపుల్లో ఉన్నాను. పొద్దున లేచేసరికి మూడు వందల పైచిలుకు మెసేజ్‌లు, అందులో ఒకే పీడీఎఫ్ ఐదారు చోట్ల వేరే వేరే పేర్లతో. అన్నీ డౌన్‌లోడ్ చేసి పెట్టుకునేదాన్ని, తెరిచి చదివినవి చాలా తక్కువ. ఎంత చదివినా ఇంకేదో మిస్ అవుతున్నానన్న టెన్షన్ మాత్రం పోయేది కాదు, ఆ టెన్షన్‌తో పాలిటీ పుస్తకం ముందు కూర్చున్నా మనసు ఫోన్ మీదే ఉండేది. ఒకరోజు లైబ్రరీలో పక్క టేబుల్ దగ్గర చదువుకునే అక్క నా ఫోన్ చూసి, "గన్ని గ్రూపులల్ల ఉండి ఏం చదువుతున్నవ్ చెల్లె? ఆ వార్త యాడ పుడ్తదో ఆడికే పో" అన్నది. తన ఫోన్ తీసి చూపించింది, అదే ఫీడ్ రీడర్.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. చాలా వెబ్‌సైట్లు తాము కొత్తగా పెట్టినవాటి హెడ్డింగ్, తేదీ, లింకు కలిపి ఒక చిన్న ఫైల్‌లో ఉంచుతాయి, దాన్నే ఆర్‌ఎస్‌ఎస్ ఫీడ్ అంటారు. 1999లో నెట్‌స్కేప్ మొదలుపెట్టిన పద్ధతి ఇది. కొన్ని సైట్లలో నారింజ రంగు డబ్బాలో ఒక చుక్క, రెండు వంపు గీతలు ఉన్న గుర్తు కనిపిస్తుంది చూడండి, అది దీనిదే. ఫీడ్లీ, ఇనోరీడర్ లాంటి యాప్‌లో మనకు కావలసిన సైట్ అడ్రస్ ఇస్తే, అక్కడ కొత్తది పడ్డప్పుడల్లా మన దగ్గరికే వస్తుంది. రెండింటిలోనూ ఉచిత ప్లాన్ ఉంది, మనకు అది చాలు. అడ్రస్ ఇచ్చినా యాప్‌కు ఫీడ్ దొరకకపోతే, అది వర్డ్‌ప్రెస్‌తో కట్టిన సైట్ అయితే అడ్రస్ చివర స్లాష్ పెట్టి ఇంగ్లిష్‌లో ఫీడ్ అని టైప్ చేయండి, చాలాసార్లు దొరుకుతుంది. యూట్యూబ్ ఛానెళ్లను కూడా ఇట్లాగే కలుపుకోవచ్చు, అప్పుడు యూట్యూబ్ తెరిచి ఒక క్లాసు కోసం పోయి ఇంకెక్కడో తేలే బాధ ఉండదు.

నాకు ఇందులో అన్నిటికంటే నచ్చింది దీనికి ఒక చివర ఉండటం. సోషల్ మీడియాలో కిందికి జరుపుతూ పోతే అది ఎప్పటికీ అయిపోదు, పైగా ఏది ముందు చూపించాలో ఆ యాప్ నిర్ణయిస్తుంది. ఇక్కడ నేను ఎంచుకున్న సైట్లు, వాళ్లు పెట్టిన వరుస, చదవనివి ఇన్ని అని ఒక అంకె. బస్సు మర్రిగూడ దారి పట్టేలోపు ఆ అంకె 46 నుంచి సున్నాకి వస్తుంది. సున్నా కనిపించాక ఫోన్ బ్యాగులో పెట్టేస్తాను, రాత్రి పుస్తకం తెరిచినప్పుడు వెనక ఎవరూ తరుముతున్నట్టు ఉండదు. ఈ నెమ్మది నాకు ఇంకే పద్ధతిలోనూ దొరకలేదు.

అసలు చోటికే పోవడం ఎందుకు ముఖ్యమో ఒక్క ఉదాహరణ. 2025 జూన్ 6 శుక్రవారం, ఆర్‌బీఐ పాలసీ రోజు. బ్యాంకులకు ఆర్‌బీఐ అప్పిచ్చే వడ్డీ, అంటే రెపో రేటు, పావు శాతం తగ్గుతుందని అందరూ అనుకుంటున్నారు, మా గ్రూపులో ఒకరు 5.75 అని నోట్సు కూడా పెట్టేశారు. మధ్యాహ్నం టిఫిన్ బాక్స్ పక్కన పెట్టుకుని ఫీడ్‌లో ఆర్‌బీఐ ప్రకటనే తెరిచాను. తగ్గించింది అర శాతం, 6 నుంచి 5.5కి. బ్యాంకులు డిపాజిట్లలో ఆర్‌బీఐ దగ్గర తప్పక ఉంచాల్సిన వాటాను, అంటే సీఆర్‌ఆర్‌ను, 4 నుంచి 3 శాతానికి, నాలుగు విడతల్లో, సెప్టెంబర్ నుంచి. పాలసీ వైఖరిని కూడా అకామొడేటివ్ (రేట్లు తగ్గించే వైపు మొగ్గు) నుంచి న్యూట్రల్‌కి (ఎటూ మొగ్గకుండా) మార్చారు. ఈ మూడూ ఎకానమీ పేపర్‌కి పనికొచ్చేవే. నా ఫ్రెండ్ ఆ 5.75నే వారం రోజులు బట్టీ పట్టింది, తర్వాత చెరిపి మళ్లీ రాసుకోవాల్సి వచ్చింది.

మొదటి వారం నేను కూడా పొరపాటు చేశాను. ఆశకొద్దీ అరవై ఫీడ్లు కలిపాను, నాలుగో రోజుకి చదవనివి తొమ్మిది వందలు దాటాయి, పాత టెన్షన్ కొత్త యాప్‌లో తిరిగొచ్చింది. ఇప్పుడు పదకొండే ఉన్నాయి. పీఐబీ (కేంద్ర ప్రభుత్వ ప్రకటనలు ఇచ్చే సంస్థ), ఆర్‌బీఐ ప్రెస్ రిలీజులు, ది హిందూలో తెలంగాణ, జాతీయ వార్తల ఫీడ్లు, మిగతావి నాకు నచ్చిన టీచర్ల ఛానెళ్లు, రెండు మూడు బ్లాగులు. పీఐబీలో రోజూ చాలా పడతాయి, అన్నీ తెరవొద్దు. శుభాకాంక్షలు, సంతాపాలు, ప్రారంభోత్సవాలు హెడ్డింగ్‌తోనే వదిలేయండి. ఇంగ్లిష్ హెడ్డింగ్ 'కేబినెట్ అప్రూవ్స్' అని మొదలైతే మాత్రం ఆగండి, పథకం పేరు, ఖర్చు, ఎన్నేళ్లు, ఏ శాఖ, ఈ నాలుగూ అక్కడే ఉంటాయి. నెల రోజులు ఒక్కసారి కూడా తెరవని ఫీడ్ ఉంటే మొహమాటం లేకుండా తీసేయండి.

తెలంగాణ వార్తలకు వేరే ఫోల్డర్ పెట్టుకున్నాను. 2025 ఫిబ్రవరి 22న దోమలపెంట దగ్గర ఎస్ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగం కూలి ఎనిమిది మంది లోపల చిక్కుకున్నప్పుడు, అప్పటి నుంచి వచ్చిన ప్రతి వార్తనూ స్టార్ పెట్టి దాచాను. దాదాపు 44 కిలోమీటర్ల సొరంగం, శ్రీశైలం నీళ్లు నల్లగొండకు రావాలని మొదలైన పని. ఫ్లోరైడ్ నీళ్లతో నడుములు వంగిన పెద్దవాళ్లను చూస్తూ పెరిగిన మాకు అది మామూలు వార్త కాదు, చదువుతుంటే కళ్లు తడిశాయి. పరీక్ష కోణంలో చూసినా కృష్ణా జలాలు, ప్రాజెక్టులు, విపత్తు నిర్వహణ, అన్నీ ఒక్క చోట తేదీల వరుసలో దొరికాయి. ఆదివారం వాటిని ముందేసుకుని ఒకటిన్నర పేజీ నోట్సు రాసుకున్నాను.

నోటిఫికేషన్లు, హాల్‌టికెట్లు, ఆన్సర్ కీ లాంటి వాటికి మాత్రం ఫీడ్ మీద ఆధారపడొద్దు. ఫీడ్ ఒక్కోసారి ఆలస్యంగా వస్తుంది, ఒక్కోసారి సైట్ మార్చినప్పుడు చెప్పకుండా ఆగిపోతుంది. ఈ పరీక్షలు పెట్టే టీజీపీఎస్సీ వెబ్‌సైట్ రోజుకొకసారి నేరుగా చూడండి, రెండు నిమిషాల పని. ఇంకొకటి, గూగుల్ రీడర్ లాంటి పెద్ద ఫీడ్ రీడర్ సర్వీసునే 2013 జులై 1న మూసేశారు, కాబట్టి ఏ యాప్ వాడినా సెట్టింగ్స్‌లోకి వెళ్లి మీ ఫీడ్ల లిస్టును ఓపీఎంఎల్ ఫైల్‌గా దించుకుని పెట్టుకోండి. రేపు ఇంకో యాప్‌కి మారాల్సి వచ్చినా ఆ ఒక్క ఫైల్ ఇస్తే అన్నీ వచ్చేస్తాయి, ఫ్రెండ్‌కి పంపినా మీ లిస్టు మొత్తం వాళ్లకి అందుతుంది.

ఫీడ్‌లో సాధారణంగా ఈమధ్య పెట్టిన కొన్ని పోస్టులే ఉంటాయి, పోయిన ఏడాదివి రావు. పాతవాటికి మాసపత్రికలే దిక్కు. అందుకే నోటిఫికేషన్ పడ్డాక చూద్దాంలే అనుకోకుండా, ఈ ఆదివారమే ఒక ఐదు ఫీడ్లతో మొదలుపెట్టండి.