గంటా ఇరవై నిమిషాల ప్రయాణం

సంక్రాంతికి వైజాగ్ వెళ్ళాలంటే రైలు టికెట్ల కోసం రెండు నెలల ముందే కాచుకుని కూర్చోవాలి. నేను కూర్చోలేదు. చివరికి చూస్తే వెయిటింగ్ లిస్టు మూడంకెల్లో ఉంది. చేసేదేం లేక భోగి పొద్దున ఆరు గంటల ఫ్లైట్ బుక్ చేశాను. టికెట్ మీద ప్రయాణ సమయం 1 గంట 20 నిమిషాలు. "ఇలా ఎక్కి అలా దిగిపోతా" అని నాన్నకి గొప్పగా చెప్పాను కూడా.

రెండింటికి అలారం. 2:45కి రావాల్సిన క్యాబతను ఫోన్ చేసి "ఆన్‌లైనా, క్యాషా?" అన్నాడు. ఆన్‌లైన్ అనగానే క్యాన్సిల్. ఇంకో బండి దొరికి, కూకట్‌పల్లి నుంచి ఔటర్ మీదుగా శంషాబాద్ చేరేసరికి నాలుగు దాటింది. సెక్యూరిటీ క్యూలో ప్రతి ఒక్కరి చేతిలో ఒక స్వీట్ల డబ్బా. సగం వైజాగ్ అక్కడే ఉన్నట్టుంది.

సికింద్రాబాద్ నుంచి వైజాగ్‌కి రైలు దారి దాదాపు 700 కిలోమీటర్లు. బండి కిందికి బెజవాడ దాకా దిగి, మళ్ళీ రాజమండ్రి మీదుగా పైకి ఎక్కాలి. వంచిన విల్లులా ఉంటుంది ఆ దారి. విమానానిది నారి: తిన్నగా తూర్పుకి, 500 కిలోమీటర్ల పైచిలుకు. టికెట్ మీది గంటా ఇరవైలో విమానం గేటు నుంచి కదిలి రన్‌వే దాకా పాకే సమయం కూడా కలిపేస్తారు. నిజంగా గాల్లో ఉన్నది గంట లోపే.

కుడివైపు కిటికీ సీటు దొరకడం ఒక్కటే ఆ రోజు నా అదృష్టం. చీకట్లో లేచాం, పది నిమిషాలకే సూర్యుడు ఎదురొచ్చాడు. వైజాగ్‌లో హైదరాబాద్ కంటే దాదాపు 20 నిమిషాలు ముందే తెల్లవారుతుంది. గడియారం మాత్రం రెండు చోట్లా ఒకటే. ఆ టైమ్‌కి ఆధారమైన 82.5 డిగ్రీల రేఖ కాకినాడ దగ్గర పోతుందని బళ్ళో బట్టీ పట్టాం కదా, దాన్నీ ఈ దారిలోనే దాటతాం.

కాసేపటికి పాపికొండలు. కొండల సందుల్లో పొగమంచు పాలు పోసినట్టు నిండిపోయి ఉంది. మధ్యలో గోదావరి, సన్నగా, మెలికలు తిరిగి, ఒక్కో మలుపు దగ్గర ఎండ పడి మెరుస్తూ. పక్కాయన నా భుజం మీదుగా వంగి "గోదారేనా?" అన్నాడు. అవునంటే కూర్చున్నచోటే దణ్ణం పెట్టుకున్నాడు. రాజమండ్రి బ్రిడ్జి మీద అయితే ఇద్దరం చిల్లర వెతుక్కునేవాళ్ళం.

రైల్లో ఉంటే నాన్న ప్రతి గంటకీ ఫోన్ చేసి "ఎక్కడిదాకా వచ్చావురా?" అంటారు. ఖమ్మం, ఏలూరు, తుని... చెప్పడానికి ఒక ఊరుంటుంది. ఈసారి ఎక్కేముందు ఒక ఫోను, దిగాక ఒక ఫోను. అంతే.

విమానం ఊరు దాటి సముద్రం మీదికి వెళ్ళి, తీరిగ్గా వెనక్కి తిరిగి దిగింది. నేవీ వాళ్ళ రన్‌వే కాబట్టి ఫొటోలు తీయొద్దని అనౌన్స్‌మెంట్. సామాను అందుకుని, ఎన్‌ఏడీ జంక్షన్ దాటి, మధురవాడలో గుమ్మం ఎక్కేసరికి 8:40.

వాకిట్లో భోగి మంట ఆరిపోయి బూడిద మిగిలింది. అమ్మ ముగ్గు చెరగకుండా దాని చుట్టూ నీళ్ళు చల్లుతోంది. నాన్న వేళ్ళు మడిచి లెక్కపెట్టారు. "2:45 నుంచి 8:40... ఆరు గంటలు. నిన్న సాయంత్రం గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి ఉంటే కనీసం నిప్పులైనా అందేవి కదరా."