బోడకాకర ఇంటికొచ్చిన ఆదివారం

పొద్దున ముసురు కాస్త తెరిపివ్వగానే మెహదీపట్నం రైతుబజారుకు వెళ్లాను. గేటు బయట గోనెపట్టా మీద ఒక అవ్వ బోడకాకరకాయలు పోసుకుని కూర్చుంది.

"పావుకిలో ఎంతవ్వా?"

"ఎనభై బిడ్డా."

"గింత పిరమా?"

"చేన్ల కాసినయి గావు. వికారాబాద్ దిక్కు అడివిల, ముండ్లపొదలల్ల చెయ్యివెట్టి తెంపినయి."

మణికట్టు దాకా గీరుకుపోయిన చేతులు చూపించింది. బేరమాడబుద్ధి కాలేదు. అరకిలో తీసుకున్నాను.

వానలు పోయాక ఈ తీగ పైనంతా ఎండిపోతుంది. మట్టిలో గడ్డ మాత్రం బతికే ఉండి, తొలకరికి మళ్లీ చిగురిస్తుంది. గడ్డ తవ్వితే ఇక ఆ తీగ ఉండదు. "తవ్వుతరా అవ్వా?" అని అడిగాను. "మొలలకు మందని మా పెద్దోళ్లు తవ్వేది. గింత ముక్క కోసుకొని, మిగిలింది మళ్ల మట్టిల వెట్టేది" అంది. ఎంత మంచి పద్ధతి! మందూ దొరికేది, తీగా దక్కేది.

ఇందులో ఆడతీగ వేరు, మగతీగ వేరు. చుట్టుపక్కల మగతీగ లేకపోతే ఆడతీగ ఎంత పూసినా కాయ నిలవదు. అందుకే సాగుచేసే రైతులు పది ఆడతీగలకు ఒక మగతీగైనా ఉండేలా చూసుకుంటారు, మగపువ్వు తెంపి ఆడపువ్వుకు చేత్తో అద్దుతారు. అడవిలో ఆ పని పురుగులే చేయాలి. పొదలు కొట్టేసి ప్లాట్లు వేస్తున్నచోట ఏ తీగకు ఏ తోడు మిగులుతుందో తలుచుకుంటే దిగులేస్తుంది.

మధ్యాహ్నం అమ్మ చెప్పినట్టే చేశాను. మెత్తటి ముళ్లు అరచేతుల మధ్య రుద్ది కడిగి, చక్రాలుగా కోసి, సన్నసెగ మీద వేయించాను. అంచులు ఎర్రబడ్డాక ఎల్లిపాయకారం, దించేముందు నువ్వులపొడి. మామూలు కాకర చేదు దీనికి లేదు. లేతగింజలు పంటికింద కరకరలాడాయి. నాన్న జొన్నరొట్టెతో రెండుసార్లు పెట్టించుకున్నారు. షుగరుకు మంచిదని ఆయన నమ్మకం. మాత్ర మాత్రం వేసుకున్నాకే తింటారు, నాకు అదే కావాలి.

మిద్దె మీద ఈ తీగ పాకించాలని ఉంది. అడవి గడ్డ తెమ్మని అవ్వను అడగడానికి మనసొప్పలేదు. కుప్పలో పసుపుతిరిగిన కాయ ఒకటి వచ్చింది. కోస్తే లోపల గింజల చుట్టూ ఎర్రటి గుజ్జు. గింజ ఒక పట్టాన మొలవదంటారు, మొలిచినా పూత వచ్చేదాకా ఆడో మగో తెలియదు. అయినా గింజలన్నీ కడిగి ఆరబెట్టాను. ఖాళీ కుండీలు నాలుగున్నాయి, అన్నింట్లోనూ వేస్తాను.