తెల్ల గుడ్ల కోసం

శనివారం.

ఈ ఉదయం అమ్మాయిని వెంటబెట్టుకొని, అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో ఉన్న గెయిన్స్‌విల్‌లోని స్వీట్‌వాటర్ వెట్‌ల్యాండ్స్ పార్కుకు వెళ్లాను. శుద్ధి చేసిన మురుగునీరు పేన్స్ ప్రెయిరీ చిత్తడిలోకి చేరే ముందు, అందులోని నత్రజనిని మొక్కలు పీల్చుకునేలా ఏర్పాటు చేసిన చెరువులవి. చెక్క వంతెన పొడవునా రెల్లుకాడల మీద గులాబీరంగు గుడ్ల గుత్తులే. దక్షిణ అమెరికా నుంచి వచ్చిన పెద్ద యాపిల్ నత్త రాత్రివేళ నీటిలోంచి పైకి పాకి, ఒక్కో గుత్తిలో 1000కి పైగా గుడ్లు పెడుతుంది. ఫ్లోరిడాలో పుట్టిపెరిగిన నత్త పెట్టేవి కొన్ని పదులు మాత్రమే. అవి తెల్లగా ఉంటాయి.

"నాన్నా, అవిగో తెల్లవి!" అని అమ్మాయి అరిచేసరికి నాకు ప్రాణం లేచివచ్చింది. వంగి చూశాను. గుడ్లు ఆవగింజలంత ఉన్నాయి. స్థానిక నత్తవైతే కందిగింజలంత ఉండాలి. పిల్లలు బయటికి వచ్చే రోజు దగ్గరపడిన కొద్దీ గులాబీరంగు వెలిసి గుడ్లు పాలిపోతాయని చెప్పాను. అది చాలాసేపు మాట్లాడలేదు.

నత్తలే ఆహారంగా బతికే స్నెయిల్ కైట్ అనే గద్ద ఇక్కడ అంతరించిపోయే దశకు చేరి, ఈ కొత్త నత్తల వల్లనే కోలుకుంది. పెద్ద గుల్లలకు తగ్గట్టు దాని ముక్కు కొన్నేళ్లలోనే పెద్దదైందని ఫ్లోరిడా విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు 2017లో తెలిపారు. మరుసటి ఏడాది అది పేన్స్ ప్రెయిరీలో గూడు కట్టింది. ఆ గద్దను చూసినప్పుడల్లా సంతోషిస్తాను. అయినా నీటిమొక్కలను విపరీతంగా మేసే ఈ నత్తను ఆ కారణంగా మంచిదనుకోవడం నా వల్ల కాదు. ఈ చెరువులు పనిచేసేదే ఆ మొక్కలతో కదా.

తిరుగుదారిలో ఒక లింప్‌కిన్ పక్షి నత్తను గట్టుకు లాగి, మూతను ఊడబెరికి, మాంసం మింగి గుల్లను వదిలేసింది. అమ్మాయి పిడికిలంత ఉన్న ఆ గుల్లను ఇంటికి తెచ్చుకుంటానంది. ఈ నత్తల్లో మనుషుల మెదడుకు హాని చేసే నులిపురుగు ఉండవచ్చు కనుక ముట్టవద్దన్నాను.

దాని నోటుపుస్తకంలో గులాబీ గుత్తులు 61. పక్క గడిలో ఏమీ లేదు. వచ్చే శనివారం న్యూనన్స్ సరస్సు వైపు వెతుకుదామని అడిగింది, సరేనన్నాను.