ట్రక్కు క్యాబిన్‌లో ఫ్రిజ్: కరెంటు ఎక్కడి నుంచి?

దమ్మామ్ పోర్టులో రీఫర్ (సరుకుని చల్లగా ఉంచే) కంటెయినర్ తగిలించుకుని రియాద్ బయల్దేరితే దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దారి. వెనక కంటెయినర్‌లో మైనస్ 18 డిగ్రీల దగ్గర బ్రెజిల్ కోళ్ళు గడ్డకట్టి ఉంటాయి. దానికి సీలు వేసి ఉంటుంది. లోపలి టెంపరేచర్ రికార్డవుతూ ఉంటుంది, కొంచెం తేడా వచ్చినా ఆఫీసు నుంచి ఫోన్. ముందు క్యాబిన్‌లో డ్రైవర్ బాటిల్‌లో నీళ్ళు మాత్రం జూలైలో మధ్యాహ్నానికల్లా నోట్లో పోసుకోలేనంత వేడెక్కుతాయి. సరుకు పాడవకూడదని ఇంత చేసేవాళ్ళు, దాన్ని మోసుకెళ్ళే మనిషి తిండి గురించి, మందుల గురించి ఎందుకు ఆలోచించరు? సౌదీలో ట్రెయిలర్ నడపడం మొదలుపెట్టినప్పటి నుంచీ నన్ను ఈ బాధ వదల్లేదు.

కంటెయినర్‌కి జనరేటర్ ఉంది కదా, అక్కడి నుంచే వైరు లాగితే పోలా అని కొత్తగా వచ్చినవాళ్ళు అడుగుతుంటారు. వద్దు. అది త్రీ ఫేజ్, నాలుగు వందల వోల్టుల కరెంటు. చెయ్యి పెడితే ప్రాణం పోతుంది. క్యాబిన్‌లో ఫ్రిజ్‌కి దారి బండి బ్యాటరీలే.

ఫ్రిజ్ ఎందుకంటారా? మాకు మెస్‌లో తినే రోజులు తక్కువ. ట్రెయిలర్ పక్కన డబ్బాలో చిన్న గ్యాస్ పొయ్యి ఉంటుంది. రాత్రి ఎక్కడో పార్కింగ్‌లో ఆపి అన్నం, పప్పు వండుకుంటే మర్నాడు పొద్దున్నే మూత తీసేసరికి పులిసిన వాసన. పెరుగు సంగతి చెప్పనక్కర్లేదు. ఎమిరేట్స్ వెళ్ళే దారిలో బత్హా బార్డర్ దగ్గర లైను కదలకపోతే రాత్రంతా, ఒక్కోసారి మర్నాడు కూడా బండిలోనే. (రియాద్‌లో మనవాళ్ళు శుక్రవారం కలుసుకునే బజారు పేరు కూడా బత్హానే, అది వేరు.) అలాంటప్పుడు ఖుబూస్ (అరబ్బు రొట్టె), డబ్బా ట్యూనా, హైవే హోటల్ బిర్యానీ, అంతే. ఏళ్ళ తరబడి ఇలా తింటే ఒళ్ళు ఏమవుతుందో మా క్యాంపులో షుగర్, బీపీ గోళీలు వేసుకునేవాళ్ళని చూస్తే తెలుస్తుంది.

జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా మధ్యాహ్నం 12 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదని సౌదీలో రూలుంది. మంచి రూలు, దాని వల్ల ఎందరో కూలీలు బతికి బట్టకట్టారు. కానీ ఆ మూడు గంటలు అన్‌లోడింగ్ కూడా ఆగిపోతుంది. డ్రైవర్ గోదాము గేటు బయట క్యాబిన్‌లోనే ఉంటాడు. కొన్నిచోట్ల ఇంజిన్ ఆపమంటారు. ఏసీ పోతే పది నిమిషాల్లో స్టీరింగ్ పట్టుకోలేం.

మా క్యాంపులో కోరుట్ల వైపు అన్న ఒకాయన ఉన్నాడు. వయసులో నాకంటే చాలా పెద్ద, ఇన్సులిన్ మీద ఉన్నాడు. ఇన్సులిన్ నింపి వచ్చే కొత్త పెన్నులు 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడకం మొదలుపెట్టినది బయట ఉంచుకోవచ్చు గానీ 30 డిగ్రీలు దాటకూడదు, అదీ నాలుగు వారాల లోపే. ఎండాకాలం సౌదీలో ఆపిన బండిలో 30 డిగ్రీల చోటు ఎక్కడుంది? ఆయన థర్మాకోల్ డబ్బాలో ఐసు పోసుకుని తిరిగేవాడు. మధ్యాహ్నానికి ఐసు నీళ్ళయ్యేది. ఆ నీళ్ళలో పెన్ను తేలుతుంటే చూసి నాకు నిజంగా భయం వేసింది. ఎండకి చెడిపోయిన ఇన్సులిన్ చూడ్డానికి బాగానే ఉంటుంది, సూది వేసుకున్నా పనిచెయ్యదు. షుగర్ పైకెక్కి కళ్ళు మసకబారితే చేతిలో ఉన్నది నలభై టన్నుల బండి.

"ఫ్రిజ్ కొందాం అన్నా" అన్నాను.

"కొంటే గదా, కరెంటు ఏడికెళ్ళి వస్తది తమ్మీ? రాత్రంతా నడిస్తే పొద్దుగాల బండి స్టార్ట్ కాదు. బ్యాటరీ పైసలు జీతంల కోస్తరు" అన్నాడు.

ఆయన భయం ఊరికే వచ్చింది కాదు. అంతకుముందు ఒక డ్రైవర్ దగ్గర మా కంపెనీ నిజంగానే కోసింది. అందుకే లెక్క చెప్తాను, ఇక్కడ బండి నడిపే తమ్ముళ్ళకి పనికొస్తుంది.

సిగరెట్ లైటర్‌లో గుచ్చే చౌక కూలర్ల జోలికి పోకండి. వాటిలో కంప్రెసర్ ఉండదు. బయటి వేడి కంటే మహా అయితే ఇరవై డిగ్రీలు తగ్గిస్తాయి. క్యాబిన్‌లో 48 ఉంటే డబ్బాలో 28. పెరుగుకీ చాలదు, మందుకీ చాలదు. పైగా ఆగకుండా కరెంటు లాగుతూనే ఉంటాయి. ఇన్వర్టర్ పెట్టి ఇంట్లో వాడే చిన్న ఫ్రిజ్ నడిపేవాళ్ళూ ఉన్నారు, సెకండ్ హ్యాండ్‌లో చవగ్గా దొరుకుతుందని. ఆ ఫ్రిజ్ స్టార్టయ్యే క్షణంలో మామూలు కంటే ఎన్నో రెట్లు కరెంటు గుంజుతుంది, చిన్న ఇన్వర్టర్ అక్కడే ట్రిప్ అవుతుంది. ఫ్రిజ్ ఆగి ఉన్నా ఇన్వర్టర్ తన వంతు తింటూనే ఉంటుంది. రోడ్డు కుదుపులకి ఆ ఫ్రిజ్ ఎన్నాళ్ళుంటుందో కూడా అనుమానమే.

కావలసింది 12/24 వోల్టుల డీసీ కంప్రెసర్ ఫ్రిజ్. నడుస్తున్నప్పుడు సుమారు 45 నుంచి 50 వాట్లు, అంటే 24 వోల్టుల మీద రెండు ఆంపియర్లు. లోపల చల్లబడ్డాక ఆగుతుంది, మళ్ళీ మొదలవుతుంది. వేడి రాత్రి గంటకి నలభై నిమిషాలు నడిచిందనుకున్నా పది గంటలకి పద్నాలుగు ఆంపియర్ అవర్లు (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో కొలిచే లెక్క ఇదే). పెద్ద ట్రక్కు బ్యాటరీలు మామూలుగా 170 నుంచి 225 ఆంపియర్ అవర్ల మధ్య ఉంటాయి. పదో వంతు కూడా పోదు. బ్యాటరీలు మంచివైతే పొద్దున బండి హాయిగా స్టార్ట్ అవుతుంది.

మరి బ్యాటరీలు ఎందుకు చస్తున్నాయి? దీనికి జవాబు నాకు బత్హా బార్డర్ లైన్లో పెషావర్ డ్రైవర్ ఒకాయన చూపించాడు. ఇక్కడ మనం నడిపే యూరప్ బళ్ళన్నీ 24 వోల్టులు. రెండు 12 వోల్టుల బ్యాటరీలు వరసగా కలిపి ఉంటాయి. చాలామంది 12 వోల్టుల ఫ్రిజ్ కొని, రెండిట్లో ఒక బ్యాటరీకే వైర్లు తగిలిస్తారు. ఫ్రిజ్ చక్కగా నడుస్తుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. పక్క లైన్లో ఒక బండి అలాగే ఉంటే ఆయన బ్యాటరీ పెట్టె మూత తీసి మీటరు పెట్టాడు. ఫ్రిజ్ తగిలించిన దాంట్లో 11.9. దాని పక్కదాంట్లో 12.7. తర్వాత ఇంజిన్ ఆన్ చేయించాడు. బ్యాటరీలని ఛార్జ్ చేసే ఆల్టర్నేటర్ ఇచ్చే 28 వోల్టులు చెరి 14 పంచుకోవాలి. ఒకదానికి 13 చిల్లర, రెండోదానికి 15 దగ్గర చూపించింది. ఆ రెండోదాని మూతల చుట్టూ యాసిడ్ తడి, టెర్మినల్ మీద తెల్లటి పొడి.

"ఏక్ బ్యాటరీ పే మత్ డాల్ భాయ్, దోనోం మర్ జాయేంగీ" అన్నాడాయన. కాడికి కట్టిన ఎడ్లలో ఒకదాని మీదే బరువేస్తే రెండూ చెడతాయి, ఇదీ అంతే. ఒకటి ఎప్పుడూ నిండదు, రెండోది పొంగి ఎండిపోతుంది. రెండిటికీ కలిపి 24 వోల్టులు తీసుకోవాలి. ఫ్రిజ్ 12 వోల్టులదే అయితే మధ్యలో 24 నుంచి 12 కి మార్చే కన్వర్టర్ పెట్టాలి. ఇంతే తేడా. ఈ చిన్న సంగతి తెలియక ఎంతమంది జీతం కోత పడిందో తలుచుకుంటే కడుపు మండుతుంది.

వైరు విషయంలో కక్కుర్తి పడకండి. డ్యాష్‌బోర్డు సాకెట్ నుంచి సన్నటి వైరుతో లాగితే దారిలోనే వోల్టేజ్ పడిపోతుంది. బ్యాటరీ బాగున్నా, అందులో ఛార్జి తక్కువుందనుకుని ఫ్రిజ్ ఆగిపోతుంది. సాకెట్‌లో ప్లగ్ వదులైతే వేడెక్కి కరుగుతుంది. బ్యాటరీ నుంచి విడిగా లావు రాగి వైరు, బ్యాటరీ పక్కనే ఫ్యూజు. ఫ్యూజు ఫ్రిజ్ దగ్గర పెడితే లాభం లేదు, మధ్యలో వైరు ఒరుసుకుపోతే నిప్పంటుకునేది అక్కడే. పెట్రోలు, కెమికల్ ట్యాంకర్ నడిపేవాళ్ళు మాత్రం సొంతంగా ఏ వైరూ కలపకండి, ఎంత తెలిసినవాడు చెప్పినా సరే.

మంచి ఫ్రిజ్‌లో బ్యాటరీ ప్రొటెక్షన్ అని మూడు సెట్టింగులుంటాయి. ట్రక్కు బ్యాటరీకి 'హై' లో పెట్టండి. స్టార్ట్‌కి చాలినంత మిగిల్చి అదే ఆగిపోతుంది.

అన్నకి చివరికి ఇలాగే బిగించాం. ఫ్రిజ్ ఆయన డబ్బులతోనే, జీతంలో సగం దాకా అయింది. ఇన్సులిన్ పెన్నులు స్టీలు డబ్బాలో గుడ్డ చుట్టి మధ్యలో పెడతాడు, ఎందుకంటే చల్లటి గోడకి ఆనితే గడ్డకడుతుంది, గడ్డకట్టినా మందు పాడే. పక్కన చిన్న థర్మామీటర్. పైన గిన్నెలో పెరుగన్నం.

కంపెనీలు ఇది ఎందుకివ్వవో నాకు అర్థం కాదు. ఫ్రిజ్ లేనివాడు నీళ్ళ కోసం, మందు కోసం రాత్రంతా ఇంజిన్ ఆన్‌లో పెట్టుకుంటాడు. నిలబడి ఉన్న ఇంజిన్ గంటకి రెండు మూడు లీటర్లు తాగుతుంది. 2025 జనవరిలో ఇక్కడ డీజిల్ లీటరు 1.66 రియాళ్ళయింది. ఏసీ కోసం ఇంజిన్ వేసుకునే రాత్రులు వేరు, చలికాలంలో ఆ అవసరం లేదు కదా. ఇంజిన్ ఆపగలిగిన ప్రతి రాత్రీ మిగిలే డీజిల్ లెక్కేస్తే ఒక ఏడాదిలోనే ఫ్రిజ్ ఖర్చు వచ్చేస్తుంది. కొత్త మోడల్ బళ్ళలో మంచం కింద సొరుగులాంటి ఫ్రిజ్ కంపెనీ ఫిట్టింగ్‌గానే ఇస్తారు, కొనేటప్పుడు అడగాలంతే. మేమంతా సంతకాలు పెట్టి సూపర్‌వైజర్‌కి కాగితం ఇచ్చాం. పాత బళ్ళకి ఫ్యూజు, వైరు కంపెనీ వెయ్యాలని, కొత్తవి కొంటే ఫ్రిజ్ ఉన్నవే కొనాలని రాశాం. మందుల మీద ఉన్న డ్రైవర్లకి ముందు ఇవ్వమని, అన్న పేరు మొదట పెట్టాం.