మావయ్య షాపు బోర్డు, క్రావడి తోక, 1800 నోడ్లు

విశాఖలో పూర్ణా మార్కెట్ దగ్గర మా మావయ్యకి టైలర్ షాపు ఉంది. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు షాపు మీద రేకు బోర్డు ఎగిరిపోయింది, మళ్లీ దొరకలేదు. ఆ తర్వాత అన్నీ ఫ్లెక్సీలే, ఏడాది తిరిగేసరికి ఎండకి ఎరుపు కాస్తా గులాబీ అయిపోయేది. మొన్నామధ్య మావయ్య పిలిచి "అల్లుడూ, నువ్వు కంప్యూటర్లో బొమ్మలవీ చేస్తావు కదా, పాత బోర్డు మీద అక్షరాలు అలాగే కావాలిరా, అక్రిలిక్‌లో కట్ చేయించి పెడదాం" అన్నాడు. అవి చేత్తో రాసిన అక్షరాలు, ఏ ఫాంట్‌లోనూ దొరకవు, రాసినాయన పోయి చాలా ఏళ్లయింది. మిగిలింది ఒక్క ఫోటో, మా అక్క పెళ్లి బస్సు షాపు ముందు ఆగినప్పుడు తీసింది, అందులో బోర్డు ఓ మూల నుంచి వంకరగా కనిపిస్తుంది, పైగా "ల" మీదుగా కరెంటు తీగ.

సరే ఏముందిలే అనుకున్నా. ముందు ఫోటోలు దిద్దే సాఫ్ట్‌వేర్ జింప్‌లో పర్‌స్పెక్టివ్ టూల్ తీసుకుని, డైరెక్షన్ దగ్గర కరెక్టివ్ అని పెట్టి, నాలుగు మూలలూ బోర్డు నాలుగు మూలల మీదకి లాగితే వంకర పోయి బోర్డు ఎదురుగా నిలబడింది, ఆ పని పది నిమిషాలు. కానీ ఇదింకా ఫోటోయే కదా, అంటే చుక్కల కుప్ప. అక్రిలిక్ కోసే లేజర్ మెషీన్‌కి చుక్కలతో పని లేదు, గీత ఎక్కడ మొదలై ఎటు ఒంగి ఎక్కడ ఆగుతుందో చెప్పాలి, అంటే పాత్ కావాలి. గీతలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్ ఉచితం కాబట్టి అందులోకి తీసుకెళ్లి, ఫోటోని పాత్‌లుగా మార్చే ట్రేస్ బిట్‌మ్యాప్ కొట్టా. రెండు సెకన్లలో అక్షరాలన్నీ వెక్టర్, అంటే గీతలు, అయిపోయాయి, నేనేదో పొడిచేసినట్టు ఫీలయ్యా కూడా.

ఆ ఫైలు పట్టుకుని డాబాగార్డెన్స్‌లో ఒక కటింగ్ షాపుకి వెళ్తే అక్కడ కుర్రాడు వాళ్ల డిజైన్ సాఫ్ట్‌వేర్ కోరల్‌లో తెరిచి జూమ్ చేసి "గురూ, ఏటిది? గీతనుకున్నావా, చీమల బారనుకున్నావా?" అన్నాడు. దగ్గరికి వెళ్లి చూస్తే నిజమే, గీత పొడవునా నోడ్లే, అంటే గీతని పట్టి ఉంచే చుక్కలే, అంచంతా చిన్న చిన్న మెట్లు. ఇంటికొచ్చి నోడ్ టూల్ తీసుకుని అన్నీ సెలెక్ట్ చేస్తే కింద స్టేటస్ బార్‌లో 1800 పైచిలుకు చూపించింది. ఫోటోలో ఉన్న తుప్పు మరకలు, నీడలు, ఆ తీగ, అన్నిటినీ అక్షరంలో భాగం అనేసుకుంది ట్రేస్. మెషీన్ తల ఒక్కో నోడ్ దగ్గర కాస్త తడబడుతుందట, అక్కడ అక్రిలిక్ అంచు గరుగ్గా వస్తుందట.

సింప్లిఫై అని ఒకటుంది, కంట్రోల్ ఎల్. కొడితే నోడ్లు తగ్గాయి. వెంటవెంటనే కొడితే ఒక్కోసారీ ఇంకా గట్టిగా నరుకుతుంది, ఆ సంగతి నాకు తెలీక నాలుగుసార్లు టకటకా కొట్టా, "ట" కాస్తా వేసవిలో డాష్‌బోర్డు మీద పెట్టిన చాక్లెట్‌లా అయింది. అండూ చేసి కూర్చున్నా.

ఆ సాయంత్రం షాపులో కూర్చుని ల్యాప్‌టాప్‌తో కుస్తీ పడుతుంటే మావయ్య ఒక జాకెట్టు గుడ్డ మీద మెడ రౌండ్ గీస్తున్నాడు. సుద్ద ముక్కతో మూడు చుక్కలు పెట్టాడు, భుజం దగ్గరొకటి, లోతు దగ్గరొకటి, మధ్యలో ఒకటి, అంతే, ఒక్క ఊపులో వంపు గీసేశాడు. నేను ఆ మూడు చుక్కలకేసి, నా 1800 చుక్కలకేసి చూసుకుని ట్రేస్ మొత్తం డిలీట్ చేసేశా. ఫోటోని వేరే లేయర్‌లో పెట్టి, మసక చేసి, లాక్ చేసి, పైన పెన్ టూల్‌తో నేనే గీయడం మొదలెట్టా.

ఇక్కడ కాస్త ఆగి చెప్పాలి, ఎందుకంటే నాకు నిజంగా బుర్రకెక్కింది ఇక్కడే. నోడ్ అంటే గీత దాటి వెళ్లే చోటు, దానికి రెండు పక్కలా ఉండే హ్యాండిళ్లు గీత ఏ దిక్కుగా, ఎంత బలంగా బయల్దేరాలో చెప్తాయి, మధ్యలో వంపంతా లెక్కే చూసుకుంటుంది. ఈ లెక్క పుట్టింది కూడా ఫ్రాన్స్ కార్ల కంపెనీల్లో, సిట్రోయెన్‌లో ద కాస్టెల్జో 1959లోనే చేశాడు కానీ కంపెనీ బయటపెట్టలేదు, రెనోలో బెజియే 1960ల్లో చేసింది లోకానికి తెలిసి ఆయన పేరే ఉండిపోయింది. కారు బాడీ వంపులకి పనికొచ్చింది తెలుగు అక్షరానికి పనికిరాదా, మనవన్నీ గుండ్రాలే కదా. పూర్తి గుండ్రానికి నాలుగు నోడ్లు చాలు, పైన, కింద, ఎడమ, కుడి, హ్యాండిల్ పొడవు వ్యాసార్థంలో 0.55 వంతు ఉంటే కంటికి తేడా తెలీదు. అందుకే నోడ్ ఎప్పుడూ వంపు బాగా బయటికి పొడుచుకొచ్చిన చోట పెట్టాలి, అది కాక పక్కన ఎక్కడో పెడితే ఎంత లాగినా సొట్టలే. సాఫీగా సాగాల్సిన చోట షిఫ్ట్ ఎస్, కొస తేలాల్సిన చోట షిఫ్ట్ సి, ఈ రెండు మీటలతోనే రెండు రాత్రులు గడిచిపోయాయి.

రెండోసారి కూడా కటింగ్ షాపు నుంచి వెనక్కొచ్చా, అది నా తెలివితక్కువే. గీతకి 40 మి.మీ. మందం ఇచ్చి అక్షరం లావుగా కనిపిస్తోంది కదా అని ఇచ్చేశా, మెషీన్‌కి ఆ మందం కనపడదు, మధ్యలో సన్న గీత ఒక్కటే కనపడుతుంది, అది దాని మీదే కోసుకుంటూ పోతుంది. స్ట్రోక్ టు పాత్ చేస్తే అప్పుడు లావు గీతకి రెండంచులూ వచ్చాయి. ఆ రెండంచులు ఒకదాన్నొకటి దాటే చోట, అంటే గుడిదీర్ఘం తలమీద కూర్చున్న దగ్గరలాంటివి, యూనియన్ చేసి కలిపేయాలి, లేకపోతే అక్షరం ముక్కలుగా ఊడొస్తుంది.

అంతా అయిందనుకుని ఏ4 కాగితాల మీద ప్రింట్ తీసి అతికించి మావయ్యకి చూపిస్తే చాలాసేపు చూశాడు. "బాగానే ఉందిరా, తోక ఏదీ?" అన్నాడు. ఏ తోక? "శ్రీ కింద క్రావడి, దాని కొస టైలర్స్ దాకా వెళ్లేది కదరా." క్రావడి అంటే ర ఒత్తు. ఫోటో మళ్లీ తెరిచా. "శ్రీ" కింద నుంచి రంగు వెలిసిపోయిన ఒక జాడ, పేరు మొత్తం కిందుగా పోయి చివర్లో సన్నబడింది. నేను దాన్ని తుప్పు నీళ్లు కారిన మరక అనుకుని వదిలేశా! ఆ రాసినాయన సంతకం లాంటిదట అది, ఆయన రాసిన ప్రతి బోర్డు మీదా క్రావడి అలాగే లాగేవాడట.

ఆ తోకకి మొత్తం ఐదు నోడ్లే పట్టాయి, కానీ ఒక సాయంత్రం పట్టింది. పై అంచు, కింది అంచు ఒకదాన్నొకటి అనుసరిస్తూ వెళ్లి చివర కొస దగ్గర కలవాలి, ఒక హ్యాండిల్ కాస్త పొడవైతే మధ్యలో పాము కప్పని మింగినట్టు ఉబ్బుతుంది. కటింగ్ కుర్రాడేమో కొస మరీ సన్నగా ఉంటే "చేతిలోకే విరిగొచ్చేస్తాది గురూ" అన్నాడు, అందుకని చివరని 6 మి.మీ. దగ్గర ఆపి గుండ్రం చేశా. వాళ్ల లేజర్ బెడ్ 4 అడుగులే, తోక 5 అడుగులు దాటింది, ఒక దీర్ఘచతురస్రం తోకలో సగాన్ని కప్పేలా పెట్టి, దాని అంచు దగ్గర కోసే డివిజన్ కొట్టి రెండు ముక్కలు చేశాం. ఒక లాభం కూడా జరిగింది, "ర్స్" కింద స ఒత్తు విడిగా ఉండిపోయేది, దాన్ని తోకకి తగిలించి యూనియన్ చేసేస్తే అతికించే బాధ తప్పింది. పైన పొల్లు మాత్రం విడి ముక్కే, కాగితం ప్రింట్‌ని బోర్డు మీద పరిచి గుర్తు పెట్టుకుని అతికించాం. చివరి లెక్క 163 నోడ్లు, పీడీఎఫ్‌గా ఇస్తే కోరల్‌లో సైజు తేడా లేకుండా తెరుచుకుంది.

బోర్డు పెట్టి మూడు వారాలైంది. ఇప్పుడు మావయ్యకి చొక్కా కాలర్ లేబుల్ మీద కూడా అదే పేరు, అదే తోకతో కావాలట, అర అంగుళంలో. దారంతో ఆ కొస ఎంత సన్నగా వస్తుందో ఎంబ్రాయిడరీ మెషీన్ వాళ్లని అడగడానికి రేపు వెళ్తున్నా.